పిల్లల కచేరీకి ఎవరొస్తారు?

(ఒక పట్టణ గ్రంథాలయంలో, సంగీత శాఖ విద్యార్థుల నెలవారీ కచేరీలు మొదలయ్యే ముందు విశ్రాంత గాత్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. ఆ మైకు కాస్త దూరంగా జరుపు బాబూ. పాడేవాళ్ల అలవాటు, దగ్గరగా ఉంటే గొంతు పెంచేస్తాను. ఆ, అక్కడ చాలు.

పరిచయం చేసినాయన నన్ను సంగీత సరస్వతి అన్నారు. అంత లేదండీ. 28 ఏళ్లు ఒక విశ్వవిద్యాలయంలో గాత్రం చెప్పాను, అంతే. ఆ 28 ఏళ్లలో నేను పాడిన కచేరీల కంటే కుర్చీలు వేయించిన కచేరీలే ఎక్కువ. అందుకే ఇవాళ రాగాల గురించి కాకుండా కుర్చీల గురించి మాట్లాడతాను.

నా ఉద్యోగంలో మొదటి విద్యార్థి కచేరీ నాకు బాగా గుర్తుంది. టెంట్ హౌస్ నుంచి 200 కుర్చీలు తెప్పించాం. ఆరు గంటలకి మొదలన్నాం. ఆరున్నరకి లెక్కపెడితే 17 మంది ఉన్నారు. అందులో 11 మంది మృదంగం కుర్రాడి తాలూకు. వాళ్ల మేనత్త, పెదనాన్న, ఊరి నుంచి వ్యాన్‌లో వచ్చినవాళ్లు. కుర్రాడి ముందు కూర్చుని ఫొటోలు తీసుకున్నారు. రెండో కీర్తన అవగానే వ్యాన్ డ్రైవర్ తొందరపెడుతున్నాడని లేచారు. పాడుతున్న అమ్మాయి వాళ్లు వెళ్తున్న వైపే చూస్తూ పాడింది. ఆ రాత్రి 200 కుర్చీలూ మడతపెట్టిస్తుంటే టెంట్ హౌస్ ఆయన అడిగాడు, "అమ్మగారూ, ఈసారి యాభై చాలేమో కదా?" అని. నాకు కోపం వచ్చింది. ఆయన చెప్పింది మాత్రం నిజం.

అసలు సంగీతం చెప్పే బడి జనాన్ని ఎందుకు పిలవాలి? పరీక్షలున్నాయి, మార్కులున్నాయి, పట్టా ఉంది. మధ్యలో ఈ జనం ఎందుకు? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే చాలా దూరం వెళ్లాల్సి వచ్చింది. ఇటలీ దాకా.

పాశ్చాత్యులు సంగీత పాఠశాలని కన్సర్వేటరీ అంటారు కదా. ఆ మాట పుట్టింది అనాథాశ్రమాల్లో. 16వ శతాబ్దంలో నేపుల్స్ నగరంలో దిక్కులేని పిల్లల్ని చేరదీసి కాపాడే నాలుగు సంస్థలుండేవి. కాపాడే చోటు కనుక కన్సర్వేటోరియో. పిల్లలకి ఏదో ఒక పని నేర్పాలిగా, సంగీతం నేర్పారు. చర్చిల్లో, ఊరేగింపుల్లో, అంత్యక్రియల్లో పాడితే నాలుగు డబ్బులొచ్చేవి. ఆశ్రమం నడిచేది. వెనిస్‌లో అయితే ఆడపిల్లల ఆశ్రమాలు. వాటిలో ఒకదానికి, పియెటా అంటారు దాన్ని, 1703లో వయొలిన్ మాస్టారుగా చేరినాయనే వివాల్డి. ఆయన రాసిన సంగీతంలో చాలా భాగం ఆ పిల్లలు వాయించడానికి రాసిందే. వినడానికి యూరప్ అంతటి నుంచీ జనం వచ్చేవాళ్లు. పిల్లలు మాత్రం కనపడేవారు కాదు. పై అంతస్తులో ఇనుప జాలీ వెనక నిలబడి పాడాలి.

ఫ్రెంచి రచయిత రూసో వెనిస్‌లో ఉన్న రోజుల్లో అలాంటి ఒక ఆశ్రమంలో పాట విని పిచ్చెక్కిపోయాడు. ఆ జాలీ మీద కోపం తెచ్చుకున్నాడు. అంత గొప్పగా పాడేవాళ్లు అప్సరసల్లా ఉంటారని ఊహించుకుని, ఎవరినో పట్టుకుని లోపలికి వెళ్లాడు. చూస్తే ఒక పిల్లకి ఒక కన్ను లేదు, ఇంకో పిల్ల ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. పాపం డీలాపడ్డాడు. అయినా మానలేదు, మళ్లీ మళ్లీ వెళ్లి విన్నాడు. వాళ్లు పాడుతున్నంతసేపూ అందంగానే కనిపించారని రాసుకున్నాడు. నేను ఈ కథ నా విద్యార్థినులకి చెబితే ఒకమ్మాయి, "మేడం, మాకు కూడా ఒక జాలీ పెట్టించండి, టెన్షన్ తగ్గుతుంది" అంది. (నవ్వులు)

అంత దూరం ఎందుకు, మన విజయనగరం చూడండి. 1919లో మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టారు. సంస్థానంలో పనిచేసే ఒకాయనకి చూపులేని కొడుకున్నాడు, ఆ అబ్బాయి సంగీతం నేర్చుకోవడానికి ఏదైనా దారి చూపమంటే రాజావారు ఏకంగా కళాశాలే పెట్టారని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథ చెప్పి వేలమందిని కూర్చోబెట్టగల మనిషి. ఆయన చేతిలో పెట్టారు బడిని. జనం ముందు నిలబడ్డం ఎలాగో తెలిసినాయన కావాలని రాజావారు అనుకున్నారో లేదో గానీ, అయింది అదే.

ఆ కళాశాలకే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వెళ్తే, నారాయణదాసు గారు విని, నువ్వు నేర్చుకునేదేమిటి, నేర్పు అని వయొలిన్ అధ్యాపకుడిగా వేశారట. అప్పటికి ఆయనకి పాతికేళ్లు దాటాయంతే. ఆయనకీ చూపు తక్కువే. ఆ కారణంగానే బడి చదువు మానాల్సి వచ్చింది. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు ఆ ఊళ్లో చదువుకున్న రోజుల్లో జోలె పట్టి మధుకరం చేసుకుని తిన్నారన్నది మీకందరికీ తెలిసిందే. ఏ తల్లి వాకిట్లో ఏ పూట అన్నం వేసిందో మనకి తెలీదు. కానీ ఆ పట్టణం ఆ పిల్లాడికి తిండి పెట్టింది.

నాకు అర్థమైంది ఇదీ. నేపుల్స్ అయినా, వెనిస్ అయినా, విజయనగరమైనా, సంగీతం బడిని ఊరు పోషించింది. చందాతో, అన్నంతో, వచ్చి కూర్చుని వినడంతో. ఇప్పుడు చందా, అన్నం ప్రభుత్వం చూసుకుంటోంది. ఫీజులున్నాయి, స్కాలర్‌షిప్పులున్నాయి. మూడోది మాత్రం ఏ ప్రభుత్వమూ జీవో ఇచ్చి తెప్పించలేదు.

ఇక పరీక్ష సంగతి. ఎంఏ సంగీతం ప్రాక్టికల్ పరీక్ష మీలో ఎంతమంది చూశారు? ఒక్కరూ లేరు. చూడనివ్వరు కూడా. ఒక గది, ముగ్గురు పరీక్షకులు, ఒక బల్ల, మూడు గ్లాసుల నీళ్లు. పిల్ల వచ్చి కూర్చుంటుంది. "వర్ణం పాడమ్మా." చరణం దాకా రానిస్తారా? రానివ్వరు. "చాలు, రెండో కాలం." రెండు ఆవర్తనాలు. "చాలు. తోడి రాగం తెలుసా? ఆలాపన చెయ్యి." అప్పుడే గొంతు దారిలో పడుతుంది. "చాలు, స్వరం వెయ్యి." వాళ్ల తప్పు కాదు, బయట ఇంకా 14 మంది ఉన్నారు, ఆ గదిలో నేనూ కూర్చున్నాను, నేనూ "చాలు" అన్నాను. లెక్కేసుకుంటే నేనే ఎక్కువసార్లు అన్నానేమో.

దాంతో ఏమవుతుందంటే, ఐదేళ్లు, ఆరేళ్లు చదివి ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల ఒక్క రాగాన్ని కూడా ఎవరూ ఆపకుండా మొదలుపెట్టి ముగించిన అనుభవం లేకుండా బయటికి వస్తుంది. ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుసు. ఎప్పుడు ఆపాలో తెలీదు. ఎందుకంటే ఆపడం ఎప్పుడూ ఎవరో ఒకరు చేసిపెట్టారు. కచేరీలో "చాలు" అనేవాళ్లుండరు. జనం దగ్గుతారు. కుర్చీలు కిర్రుమంటాయి. వెనక వరుసలో ఒకాయన ఫోన్ తీస్తాడు. ఆ చప్పుళ్లలో, ఆ నిశ్శబ్దంలో తెలుస్తుంది పాడేవాళ్లకి, రాగం ఎక్కువైందనీ, లేదా ఇంకో రెండు సంగతులకి చోటుందనీ. ఇది నేను క్లాసులో చెప్పలేను. చెప్పి చూశాను. నోట్సు రాసుకున్నారు.

అందుకే నలభై ఐదు నిమిషాల కచేరీ అని పెట్టాం. చిన్న కచేరీ అనుకుంటారు గానీ, అది మూడు గంటల కచేరీ కంటే కష్టం. వర్ణానికి ఏడు నిమిషాలు. ఒక గణపతి కీర్తన, చిట్టస్వరంతో ఐదు. మధ్యలో చురుగ్గా ఒకటి. తర్వాత ప్రధానమైనది, ఆలాపన, వయొలిన్ ఆలాపన, కీర్తన, నెరవు, స్వరకల్పన, మృదంగం ఒంటరిగా వాయించే తని. చివర ఒక పదమో జావళో, మంగళం. గాయకులు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ గారు నిలబెట్టిన కచేరీ పద్ధతి అది. పెద్దవాళ్లకి గొంతు వేడెక్కడానికి గంట ఉంటుంది. మా పిల్లలకి వర్ణం ఏడు నిమిషాలే.

ఒక సాయంత్రం జరిగింది చెబుతాను. ఎండాకాలం. రెండో సంవత్సరం అమ్మాయి కళ్యాణి రాగం ఆలాపన చేస్తోంది, పంచమం మీద నిలబడి ఉంది. కరెంటు పోయింది. మైకు పోయింది, ఫ్యాన్లు పోయాయి, అన్నిటికంటే ముఖ్యం, పాటకి ఆధార స్వరం పలికే శ్రుతి పెట్టె పోయింది. ప్లగ్గులో పెట్టేది, బ్యాటరీ లేదు. తంబురా ఉందా అంటే ఉంది, శాఖ గదిలో, గలీబు తొడిగి, గోడకి ఆనించి. నా తప్పు, ఒప్పుకుంటాను. చీకట్లో ఆ అమ్మాయి గొంతు ఒక్కటే ఉంది, దాని కింద ఏమీ లేదు. ఒక క్షణం ఊగింది. అప్పుడు వయొలిన్ అబ్బాయి, ఎవరూ చెప్పలేదు వాడికి, ఖాళీ తీగల మీద స, ప మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. తంబురాలాగా. మృదంగం అబ్బాయి కుడి మూత మీద శ్రుతి పలికే మీటు అప్పుడప్పుడు ఒకటి వేశాడు. అమ్మాయి మళ్లీ పంచమం అందుకుంది.

మైకు లేదు కదా, వెనకున్నవాళ్లకి వినపడ్డం లేదు. ఏం చేశారో తెలుసా? లేచి వచ్చి ముందు వరుసల్లో కూర్చున్నారు. అప్పటిదాకా ముందు రెండు వరుసలూ అతిథుల కోసం అని తెల్ల గుడ్డలు కప్పి ఖాళీగా ఉంచేవాళ్లం. అతిథులు వచ్చి, శాలువా కప్పించుకుని, మాట్లాడి, ఇంకో కార్యక్రమం ఉందని వెళ్లిపోయేవాళ్లు. పిల్లలు రెండు వరుసల తెల్ల గుడ్డలకి పాడేవాళ్లు. ఆ రోజు జనం దగ్గరికొచ్చి కూర్చుంటే ఆ అమ్మాయి కళ్యాణి పాడినట్టు మళ్లీ నేను వినలేదు. మర్నాడు తెల్ల గుడ్డలు తీయించేశాను. సన్మానాలు కచేరీ తర్వాతకి మార్పించాను. మా శాఖలో ఒక పెద్దాయన నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. పరవాలేదు.

అదే కచేరీలో ఇంకో ముచ్చట. ఆ అమ్మాయి ప్రధాన కీర్తన త్యాగరాజస్వామి వారి నిధి చాల సుఖమా. మిశ్రచాపు. నెరవు చేసేది "మమత బంధన యుత నరస్తుతి సుఖమా" అనే పంక్తి దగ్గరే. నెరవు అంటే సాహిత్యం ఒక పంక్తి తీసుకుని, ఆ మాటలు వాటి తాళంలో వాటి చోట ఉండగానే, రాగాన్ని రకరకాలుగా నింపడం. అమ్మాయి బాగానే నింపింది. కానీ ఊపిరి చాలకో, స్వరస్థానం మీద మోజుతోనో, ప్రతిసారీ "మమత బంధన" దగ్గరే ఆగి తిరిగి మొదటికి వచ్చింది. కచేరీ అయ్యాక ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు, చేతిలో గొడుగు, వేదిక దగ్గరికొచ్చి అన్నారు, "అమ్మాయీ, చాలా బాగా పాడావు. కానీ ఆ మనిషిని పదహారుసార్లు మమతతో కట్టేశావు తల్లీ, ఒక్కసారి కూడా నరస్తుతి సుఖమా అని అడగలేదు."

(నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఆ మాట నేను చెప్పాల్సింది. నాకు తట్టలేదు. నా చెవి గమకం మీద ఉంది, లెక్క మీద ఉంది. మద్రాసు సభల్లో ఈ కీర్తన పాడితే రాగం తప్పు పట్టేవాళ్లు వంద మంది ఉంటారు. మాట ఎక్కడ విరిగిందో పట్టే చెవి మన ఊళ్లలో ఉంది. త్యాగరాజు తెలుగులో రాసిన కీర్తనలు పాడే మన పిల్లలకి ఆ చెవి ముందు కూర్చోవాలా వద్దా? "మాకు సంగీతం తెలీదండీ" అని మీలో చాలామంది రారు. మీకు తెలుగు తెలుసు కదా.

తెలుగు అన్నాను కాబట్టి ఒక మాట. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో వెస్లియన్ అని ఒక విశ్వవిద్యాలయం. 1960ల నుంచి అక్కడ కర్ణాటక సంగీతం చెబుతున్నారు. పేరున్న వీణ విద్వాంసురాలు ధనమ్మాళ్ గారి మనవలు రంగనాథన్ గారు మృదంగం, విశ్వనాథన్ గారు వేణువూ గాత్రమూ అక్కడ నేర్పారు. వాళ్ల అక్క బాలసరస్వతి గారూ అక్కడ నాట్యం చెప్పారు. ఆ ఇంటి సంగీతంలో క్షేత్రయ్య పదాలకి పెద్ద పీట. ఆ చలిదేశంలో ఏటా నవరాత్రి కచేరీలు జరుగుతాయి. విశ్వనాథన్ గారి శిష్యుడు అమెరికన్ జాన్ హిగ్గిన్స్ తిరువయ్యారు త్యాగరాజ ఆరాధనలోనే పాడారు, హిగ్గిన్స్ భాగవతార్ అని పిలిపించుకున్నారు. మన మాట అంత దూరం వెళ్లి పాడించుకుంటోంది. మనం మన వీధి చివర హాలుకి రావడం లేదు.

మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు వాళ్ల ఊరి విశ్వవిద్యాలయంలో ఒక రిసైటల్‌కి, అంటే విద్యార్థి కచేరీకి, వెళ్లాను. మంగళవారం, బయట మంచు. చెల్లో వాయించే కుర్రాడు, చివరి సంవత్సరం. పదకొండు మందిమి ఉన్నాం. నాకు మన 17 మంది గుర్తొచ్చారు. కానీ తేడా ఉంది. వాళ్లలో సగం మంది ఆ కుర్రాడికి చుట్టాలు కాదు. ఒక ముసలావిడ ఊలు అల్లుకుంటూ కూర్చుంది. మాట కలిపితే, తొమ్మిదేళ్లుగా ప్రతి మంగళవారం వస్తున్నానంది. ఎవరు వాయిస్తున్నారో కూడా చూసుకుని రాదట. అయ్యాక బిస్కట్లు, కాఫీ ఇచ్చారు. కుర్రాడు అందరి దగ్గరికీ వచ్చి చేతులు కలిపాడు.

అక్కడ చాలా సంగీత పాఠశాలల్లో పద్ధతి ఏమిటంటే, మూడో ఏడు అరగంట, నాలుగో ఏడు గంట కచేరీ చేస్తేనే పట్టా. దానికి ముందు గురువులు విని, సరే అంటేనే తేదీ ఇస్తారు. ఇంకోటి, నాకు బాగా నచ్చింది, ఒక్కో విద్యార్థి ఇతరుల కచేరీలకి ఇన్నిసార్లు హాజరు కావాలని నిబంధన. హాజరు పడకపోతే పట్టా ఆగిపోతుంది. వినడం కూడా చదువులో భాగమే అన్నమాట. ఇండియానా విశ్వవిద్యాలయం సంగీత పాఠశాలలో ఏటా 1,100కి పైగా కార్యక్రమాలు జరుగుతాయి, ఎక్కువ భాగం ఉచితం. అది ఉన్న బ్లూమింగ్టన్ పెద్ద నగరమేమీ కాదు.

రిసైటల్ అన్న మాట కూడా సరదాగా ఉంటుంది. 1840లో లండన్‌లో పియానో విద్వాంసుడు లిస్ట్ తన కార్యక్రమానికి ఆ పేరు పెట్టాడు. రిసైట్ చేయడమంటే పద్యం అప్పజెప్పడం. పియానో మీద అప్పజెప్పడమేమిటని ఇంగ్లీషువాళ్లు ఎగతాళి చేశారు. ఒక్కడే వేదికెక్కి కార్యక్రమమంతా వాయించడం అప్పటికి కొత్త. మన దగ్గర పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ని ముందుకు తెచ్చి ద్వారం వారు 1938లో వెల్లూరులో సోలో కచేరీ చేశారు. అదీ అప్పటికి వింతే. వినడానికి ఎవరో ఒకరు ఓపిగ్గా వచ్చి కూర్చోబట్టి అవి నిలబడ్డాయి.

ఇక మీకు నా ఫిర్యాదు ఒకటుంది. తని ఆవర్తనం. గాయకులు ఆపి, మృదంగం వాళ్లకి వదిలిపెట్టే ఆ కాసేపు. పెద్ద పెద్ద సభల్లో కూడా సరిగ్గా అప్పుడే జనం లేచి క్యాంటీన్‌కి వెళ్తారు. ఇది తెలుగువాళ్ల జబ్బే కాదు, మద్రాసుదీ ఇదే జబ్బు. పెద్ద విద్వాంసులకి అలవాటైపోయింది, పట్టించుకోరు. మా మృదంగం పిల్లవాడి సంగతి ఆలోచించండి. ఏడాది పొడుగునా ఎవరో పాడితే వాళ్ల వెనక నడుస్తాడు. రోజూ తెల్లవారుజామున హాస్టల్ డాబా మీద సాధన. పక్క గదివాళ్ల తిట్లు. ఏడాదికి ఒకటో రెండో కచేరీలు, ఒక్కో దాంట్లో ఐదు నిమిషాల తని. ఆ ఐదు నిమిషాల్లో వాడు వెయ్యాలనుకున్నవన్నీ వెయ్యాలి, చివర మోరా, అంటే ముగింపు లెక్క, మూడుసార్లు కచ్చితంగా వచ్చి, కీర్తన ఎత్తుగడకి దిగాలి. గాయకురాలు తాళం వేస్తూ వాడి ముఖమే చూస్తుంటుంది. ఆ టైంలో మీరు లేస్తే, వాడికి మీ వీపులు కనపడతాయి. లెక్క తప్పిన వాళ్లని చూశాను. అడిగితే, "ఎవరో లేచారు మేడం, అటు చూశాను" అన్నాడు ఒకడు.

మొదటి కచేరీ వచ్చే శుక్రవారం. ఆరు గంటలకి అంటే ఆరు గంటలకే. ఎంఏ రెండో ఏడు అమ్మాయి పాడుతుంది. ఇప్పుడే ఏ రాగమో చెప్పను, చెబితే మీరు ఫోన్‌లో పెద్దవాళ్లు పాడింది విని వచ్చి పోల్చి చూస్తారు. వయొలిన్, మృదంగం కూడా పిల్లలే. తంబురా ఈసారి వేదిక మీదే ఉంటుంది, మొదటి సంవత్సరం పిల్ల ఒకతి మీటుతుంది. 60 కుర్చీలు వేయిస్తున్నాను. 200 కాదు. టెంట్ హౌస్ ఆయన మాట విన్నాను చివరికి. ముందు వరుసకి గుడ్డలుండవు, వచ్చినవాళ్లు వచ్చినట్టు ముందు నుంచి కూర్చోండి. నచ్చకపోతే వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను, కాకపోతే కీర్తనకీ కీర్తనకీ మధ్య వెళ్లండి.

కాఫీ ఏర్పాటు చేశాం. మంచి ఫిల్టర్ కాఫీ. తని అయ్యాక ఇస్తారు. తనికి ముందు వెళ్లి అడిగినా ఇవ్వొద్దని ఆ అబ్బాయికి చెప్పి పెట్టాను.